ఆల్బకర్కీ విహార స్థలాలు: రమ్మన్నారు, షరతులు పెట్టారు



మన గ్రూపులో టూరిజం మీద చర్చ వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి. టూరిజం వస్తే మనోళ్ళకి పని దొరుకుతుందని కొందరు, వస్తే మన భూమి పోతుందని కొందరు. రెండింట్లోనూ నిజం ఉంది. కానీ ఈ రెండిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. వచ్చేవాళ్ళు ఏ షరతు మీద రావాలో చెప్పే హక్కు ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్న మీద తరతరాలుగా కొట్లాడిన ఆదివాసుల చరిత్ర ఈసారి రాస్తున్నా. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ఊరి పేరు ఆల్బకర్కీ. అమెరికా నైరుతి భాగంలో, న్యూ మెక్సికో రాష్ట్రంలో అతి పెద్ద నగరం. 2020 లెక్కల్లో జనాభా దాదాపు 5.64 లక్షలు. ఎడారి గాలి, మధ్యలో రియో గ్రాండ్ నది, తూర్పున సాందియా కొండలు. అక్టోబర్‌లో ఆకాశం నిండా రంగురంగుల వేడిగాలి బెలూన్లు ఎగురుతాయి. 1972లో ఒక షాపింగ్ మాల్ పార్కింగ్ స్థలంలో 13 బెలూన్లతో మొదలైన ఆ పండగకి ఇప్పుడు వందల బెలూన్లు వస్తున్నాయి. మిగతా రోజుల్లో జనం రోప్‌వే ఎక్కి కొండ మీదికి పోతారు, నది ఒడ్డున సైకిల్ తొక్కుతారు, బొమ్మలు చెక్కిన నల్ల రాళ్ళ మధ్య నడుస్తారు, పాత బజారులో వెండి నగలు కొంటారు. ఇవన్నీ సరదా చోట్లే. అయితే వీటిలో ప్రతి దాని వెనకా ఒక ఆదివాసీ ఊరు ఉంది.

ముందు ఎవరున్నారు

ఆ ప్రాంతపు ఆదివాసుల్ని ప్వెబ్లో ప్రజలు అంటారు. స్పానిష్‌లో ప్వెబ్లో అంటే ఊరు. మట్టితో, రాయితో అంతస్తుల ఇళ్ళు కట్టుకుని, నది పక్కన మొక్కజొన్న పండించుకుని బతికేవాళ్ళు కాబట్టి స్పెయిన్ వాళ్ళు ఆ పేరు పెట్టారు. ఇప్పుడు న్యూ మెక్సికోలో 19 ప్వెబ్లోలు ఉన్నాయి. దేని ప్రభుత్వం దానిదే. భాషలు కూడా ఒకటి కాదు. ఆల్బకర్కీకి ఉత్తరాన సాందియా ప్వెబ్లో, దక్షిణాన ఇస్లెటా ప్వెబ్లో. ఈ రెండు ఊళ్ళవాళ్ళూ తీవా భాష మాట్లాడేవాళ్ళు.

1540లో కొరొనాడో అనే స్పెయిన్ దళపతి బంగారం కోసం సైన్యంతో వచ్చాడు. ఆ చలికాలం తీవా వాళ్ళ ఊళ్ళ మీద పడి తిండి, దుప్పట్లు లాక్కున్నారు. ఎదురు తిరిగిన ఊళ్ళని కాల్చేశారు. అప్పటి ఊళ్ళలో ఒకటైన కువావా శిథిలాలు నగరానికి ఉత్తరాన బెర్నలీయో దగ్గర ఇప్పటికీ చూడొచ్చు. 1930లలో తవ్వకాలు జరిపితే అక్కడ భూమిలోపలి పూజా గది గోడల మీద పొరలు పొరలుగా వేసిన రంగుల చిత్రాలు దొరికాయి. 1940లో దాన్ని సందర్శన స్థలంగా తెరిచారు. పేరు మాత్రం కొరొనాడోది పెట్టారు. ఊరు కట్టినవాళ్ళ పేరు కాకుండా, ఊళ్ళు తగలబెట్టినవాడి పేరు బోర్డుకెక్కింది. టూరిజం మ్యాపులు చదివేటప్పుడు ఇలాంటివి గమనించడం మనకి అలవాటవ్వాలి.

1680 ఆగస్టులో ప్వెబ్లోలు కలిసి తిరుగుబాటు చేశాయి. నాయకుడు పోపే. ఏ రోజు లేవాలో తెలియడానికి ముడులు వేసిన తాళ్ళని ఊరూరికీ పంపారు. రోజుకో ముడి విప్పుకుంటూ పోవాలి. మన మన్యంలో అల్లూరి దళం పంపిన మిరపకాయ టపా గుర్తొస్తుంది కదా! ఆ దెబ్బకి స్పెయిన్ వాళ్ళు పారిపోయి పన్నెండేళ్ళ దాకా తిరిగి రాలేకపోయారు. 1692లో మళ్ళీ వచ్చాక కూడా పాత జులుం పూర్తిగా సాగలేదు. ఆల్బకర్కీ నగరం పుట్టింది ఆ తర్వాతే, 1706లో. అంటే పక్కనున్న ప్వెబ్లోల కంటే నగరమే చిన్నది.

కొండ: తప్పు గీసిన హద్దు

సాందియా కొండ అంచు ఎత్తు 10,678 అడుగులు. సాయంత్రం పూట ఎర్రగా మెరుస్తుంది. 1966 నుంచి రోప్‌వే నడుస్తోంది, పొడవు 2.7 మైళ్ళు. పైనుంచి నగరమంతా కనిపిస్తుంది. ఆల్బకర్కీకి వచ్చినవాళ్ళు ఎక్కువమంది ఎక్కేది ఇదే.

సాందియా ప్వెబ్లోకి ఆ కొండ పూజలు చేసే చోటు, మందు మొక్కలు తెచ్చుకునే చోటు. 1748లో స్పెయిన్ ప్రభుత్వం వాళ్ళకి భూమి పట్టా ఇచ్చింది. తూర్పు హద్దు "సాందియా అనే పెద్ద పర్వతం" అని అందులో ఉంది. తర్వాత ఆ ప్రాంతం అమెరికా చేతికి వచ్చింది. 1859లో సర్వే చేసిన మనిషి హద్దుని కొండ శిఖరం మీద కాకుండా కింద పాదాల దగ్గరే గీసేశాడు. ఆ ఒక్క గీత వల్ల దాదాపు 10,000 ఎకరాలు ప్వెబ్లో చేతిలోంచి జారిపోయి, చివరికి జాతీయ అటవీ భూమిలో కలిసింది.

ప్వెబ్లో వాళ్ళు దీన్ని మర్చిపోలేదు. 1980లలో సర్వే సరిచేయమని అడిగారు. 1988లో కుదరదన్నారు. 1994లో కోర్టుకెళ్ళారు. 1998లో తీర్పు ప్వెబ్లో వైపు వచ్చింది. కానీ అప్పటికే కొండ దిగువన ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు ఉన్నారు, రోప్‌వే ఉంది, నడిచే దారులున్నాయి. చివరికి అందరూ కూర్చుని ఒప్పందానికి వచ్చారు. 2003లో అది చట్టమైంది.

ఆ చట్టంలో ఏముందో జాగ్రత్తగా చదవాలి. భూమి అమెరికా ప్రభుత్వం పేరనే ఉంటుంది. ప్వెబ్లో తన యాజమాన్య వాదన వదులుకుంది. జనం ఎప్పటిలాగే కొండెక్కొచ్చు, రోప్‌వే నడుస్తుంది. దానికి బదులుగా, ఆ భూమిలో సంప్రదాయ అవసరాలకి ప్వెబ్లోకి శాశ్వత హక్కు దొరికింది. గనులు తవ్వకూడదు, కలప వ్యాపారం చేయకూడదు, జూదశాలలు పెట్టకూడదు. కొత్తగా ఏ వాడకం మొదలుపెట్టాలన్నా ప్వెబ్లో ఒప్పుకోవాలి. ఆ ప్రాంతానికి పెట్టిన పేరు కూడా తీవా భాషదే: తుఫ్ షుర్ బియెన్.

గెలిచారా, ఓడారా? పట్టా రాలేదు కాబట్టి పూర్తి గెలుపు అనలేం. కానీ "మా మాట లేకుండా ఇక్కడ కొత్తది ఏదీ రాదు" అనే హక్కు వచ్చింది. అదేమీ చిన్న విషయం కాదు.

నది: కింది ఊరు పెట్టిన రూలు

రియో గ్రాండ్ ఒడ్డున నగరం పొడవునా కాటన్‌వుడ్ చెట్ల అడవి ఉంటుంది. బోస్కే అంటారు. దాని వెంట 16 మైళ్ళ సైకిల్ దారి ఉంది. అక్టోబర్, నవంబర్‌లలో ఆకులన్నీ పసుపు రంగుకి తిరుగుతాయి. పొద్దున్నే నడకకి, కొంగల్ని చూడ్డానికి జనం వస్తారు.

అదే నది నగరం దాటాక ఇస్లెటా ప్వెబ్లోలోకి పోతుంది. నగరం మురుగునీరు శుద్ధి చేసి నదిలో వదిలే చోటు ఇస్లెటాకి దాదాపు ఐదు మైళ్ళ ఎగువన ఉంది. ఆ నీళ్ళతోనే ఇస్లెటా వాళ్ళు పొలం పండించాలి, ఆ నీళ్ళలోనే దిగి పూజలు చేసుకోవాలి. 1987లో అమెరికా నీటి చట్టానికి సవరణ వచ్చింది. తెగల ప్రభుత్వాలు కూడా రాష్ట్రాల్లాగే నీటి నాణ్యత ప్రమాణాలు పెట్టుకోవచ్చని చెప్పింది. ఆ అవకాశాన్ని మొదట్లోనే అందుకున్న తెగల్లో ఇస్లెటా ఒకటి. వాళ్ళు పెట్టిన ప్రమాణాలు రాష్ట్రం పెట్టినవాటికంటే గట్టివి. పూజల కోసం నదిలో దిగడాన్ని కూడా నీటి వాడకాల్లో ఒకటిగా రాశారు. 1992లో కేంద్ర పర్యావరణ సంస్థ వాటిని ఆమోదించింది.

నగరం ఊరుకోలేదు, కేసు వేసింది. శుద్ధి ఖర్చు పెరుగుతుందని, ఎగువనున్న మాకు దిగువ వాళ్ళు రూలు పెట్టడమేమిటని వాదన. 1996లో అప్పీలు కోర్టు ఇస్లెటా ప్రమాణాలు చెల్లుతాయని చెప్పింది. 1997లో సుప్రీం కోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు, దాంతో తీర్పు నిలిచిపోయింది. కొన్ని వేల మంది ఉన్న ఒక ఆదివాసీ ఊరు, లక్షల మంది ఉన్న నగరం చేత నీళ్ళు శుభ్రం చేయించగలిగింది.

ఇంకో మాట. ఇదే ఇస్లెటాకి చెందిన మిగ్వెల్ ట్రుహీయో అనే టీచరు, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి తిరిగొచ్చి ఓటు నమోదుకి వెళ్తే కుదరదన్నారు. పన్ను కట్టని ఇండియన్లకి ఓటు లేదని రాష్ట్ర రాజ్యాంగంలో ఉండేది. ఆయన వేసిన కేసుతోనే 1948లో న్యూ మెక్సికో ఆదివాసులకి ఓటు హక్కు వచ్చింది. నది కేసుకి ముందు ఇలాంటి చదువుకున్న తరం ఒకటి ఉందని మర్చిపోకూడదు.

బడి స్థలంలో మ్యూజియం

1881లో మొదలైన ఆల్బకర్కీ ఇండియన్ స్కూల్‌ని 1886లో కేంద్ర ప్రభుత్వం తీసుకుంది. పిల్లల్ని ఊళ్ళ నుంచి దూరంగా తెచ్చి హాస్టల్లో పెట్టి, వాళ్ళ భాష, జుట్టు, బట్ట మార్చేసే బడులు అవి. దాదాపు వందేళ్ళు నడిచి 1980ల మొదట్లో మూతపడింది. చనిపోయిన పిల్లల్ని దగ్గర్లోనే పాతిపెట్టారు. తర్వాత ఆ చోటు మీద నగరం పార్కు కట్టింది. 1970ల మొదట్లో నీటి పైపుల పని చేస్తుంటే ఎముకలు బయటపడ్డాయి. గుర్తుగా పెట్టిన ఫలకం కూడా కనిపించడం లేదని 2021లో బయటపడింది. పిల్లలు ఆడుకునే పార్కు కింద పిల్లల సమాధులు. హాస్టళ్ళలో చదివిన మనకి ఈ వాక్యం వేరే రకంగా తగులుతుంది.

అదే బడికి చెందిన స్థలంలో 1976లో 19 ప్వెబ్లోలు కలిసి సొంతంగా ఇండియన్ ప్వెబ్లో కల్చరల్ సెంటర్ తెరిచాయి. మ్యూజియం ఉంది, వాళ్ళ వంటలు పెట్టే హోటల్ ఉంది, డ్యాన్సులు ఉంటాయి. ఏది చూపించాలో, ఏది చూపించకూడదో నిర్ణయించేది వాళ్ళే. పండగ రోజున ప్వెబ్లో ఊళ్ళకి వెళ్ళినా అంతే. చాలా చోట్ల ఫోటోలు తీయనివ్వరు. చూసి రావాలి, ఫోన్ జేబులో ఉండాలి.

రాళ్ళు: అందని గెలుపు

అన్నీ గెలుపులే రాస్తే మోసం చేసినట్టవుతుంది. నగరానికి పడమర, పాత అగ్నిపర్వతాల లావా గట్టు వెంట 17 మైళ్ళ పొడవున దాదాపు 24,000 బొమ్మలు రాళ్ళ మీద చెక్కి ఉన్నాయి. పక్షులు, ముసుగు మొహాలు, చేతులు, నక్షత్రాలు. ఎక్కువ భాగం 1300 నుంచి 1680ల మధ్య ప్వెబ్లో పూర్వీకులు చెక్కినవి. 1990లో పెట్రోగ్లిఫ్ జాతీయ స్మారకంగా ప్రకటించారు. ప్వెబ్లో పెద్దలకి అది పాత బొమ్మల గ్యాలరీ కాదు, ఇప్పటికీ ప్రార్థన చేసే చోటు.

నగరం పడమరకి పెరిగింది. కొత్త కాలనీలకి రోడ్డు కావాలన్నారు, స్మారకం మధ్యనుంచే వేస్తామన్నారు. ప్వెబ్లోలు, వాళ్ళతో నిలబడ్డ సంఘాలు ఏళ్ళ తరబడి కొట్లాడాయి. 1998లో అమెరికా పార్లమెంటు 8.5 ఎకరాలని స్మారకం హద్దుల్లోంచి తీసేసింది. 2007లో రోడ్డు తెరుచుకుంది. దారిలో అడ్డొచ్చిన బొమ్మల రాళ్ళని పక్కకి జరిపారు. గుడిలో విగ్రహాన్ని పక్కకి జరిపి బైపాస్ వేస్తామంటే మన రాష్ట్రంలో ఎవరూ ఒప్పుకోరు. ఆదివాసుల రాయి దగ్గరికొచ్చేసరికి అది ఎకరాల లెక్క అయిపోతుంది.

మనకేంటి?

కొండ, నది, బడి, రాళ్ళు. నాలుగు చోట్ల నాలుగు రకాల ఫలితాలు. తేడా ఎక్కడొచ్చింది? కొండ దగ్గర 1748 నాటి కాగితం ఉంది. నది దగ్గర చట్టం ఇచ్చిన అధికారాన్ని వెంటనే వాడుకున్న ఊరి ప్రభుత్వం ఉంది. బడి దగ్గర 19 ఊళ్ళ ఐకమత్యం ఉంది. రాళ్ళ దగ్గర స్మారకం హద్దులు కేంద్రం చేతిలో, రోడ్డు నగరం చేతిలో ఉన్నాయి. ప్వెబ్లోలని సంప్రదించాలి తప్ప, వాళ్ళు ఒద్దంటే ఆగాలని ఎక్కడా లేదు.

మన దగ్గరికి వద్దాం. అరకు, అనంతగిరి, బొర్రా గుహలు, కుంటాల, బొగత. సెలవులొస్తే కార్లు బారులు తీరతాయి. బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో గనుల లీజుల మీద వచ్చిందే సమతా కేసు. 1997 జులైలో సుప్రీం కోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వకూడదని చెప్పింది. 1/70 చట్టానికి ప్రాణం పోసిన తీర్పు అది. 1996 పెసా చట్టం గ్రామసభని గుర్తించింది. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక హక్కులకి దారి ఇచ్చింది, పెద్దవాళ్ళ వాంగ్మూలాన్ని కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చని దాని రూల్స్‌లో ఉంది. అంటే మనకీ కాగితాలున్నాయి, సభ ఉంది. ఇస్లెటా లాగా వాడుకోవడమే మిగిలింది.

కాబట్టి సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఒక పని చేయండి. మీ ఊరి జలపాతం, గుట్ట, దేవుడి చెట్టు, శ్మశానం, పశువుల మేత చోటు, వీటి పేర్లు మన భాషలో ఏమంటారో తాతల్నీ అమ్మమ్మల్నీ అడిగి రాసుకోండి. హద్దు ఎక్కడిదాకా అంటారో చేతితో మ్యాపు గీయండి. గ్రామసభ రిజిస్టర్‌లో ఎక్కించమని అడగండి. రేపు ఎవరో వచ్చి రోప్‌వే వేస్తామనో, రిసార్ట్ కడతామనో అంటే, ఒద్దనాలా, సరే అనాలా, ఏ షరతు మీద అనాలా అన్నది ఊరు తేల్చుకోవాలి. తేల్చుకునే రోజున చేతిలో కాగితం ఉండాలి. సాందియా వాళ్ళ హద్దు తప్పు గీసింది 1859లో, సరిదిద్దుకునేసరికి 2003 అయింది. మన ఊళ్ళకి అన్ని ఏళ్ళు పట్టకూడదు.

మీ ఊరి చోట్ల పేర్లు, వాటి కథలు కింద రాయండి. జోహార్.