కడప నుంచి సెంట్రల్ ఎదుటి పెద్దాసుపత్రి దాకా

ఈ వరుసలో ఇన్నాళ్లూ మనవాళ్ల వలసల గురించి, సత్రాల గురించి, మూతపడిన తెలుగు బడుల గురించి రాస్తూ వచ్చాం. ఈసారిది ఇళ్లలో గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతి. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

ఈ మధ్య మన సభ్యుల్లోనే ఒక తండ్రి మా దగ్గరికి వచ్చారు. 16 ఏళ్ల బిడ్డ. పుట్టినప్పుడు మగపిల్లవాడని రాయించారు, ఇప్పుడు తాను ఆడపిల్లనని బిడ్డ అంటోంది. అప్పటికే రెండు గుళ్లు, ఒక తాయెత్తు, ఒక డాక్టరు అయిపోయాయి. "దీనికి మందుందా అన్నా?" అని అడిగారు. మందు దేనికి? బిడ్డ మనసు మార్చడానికా, బిడ్డ చెప్పేదానికి తోడు నిలవడానికా? మనం తరతరాలుగా బతుకుతున్న ఈ తమిళనాడు ఆ ప్రశ్నకు ఎన్నెన్ని రకాలుగా జవాబిచ్చిందో చెప్పాలనే ఈ రాత.

మొదట తెల్లవాళ్ల చట్టం. 1860 నాటి శిక్షాస్మృతి 320వ సెక్షన్‌లో తీవ్రమైన గాయాల జాబితా ఉంది. అందులో మొట్టమొదటిది పుంస్త్వం పోగొట్టడం. కావాలని అడిగినవాళ్లకు చేసినా కేసు మెడకు చుట్టుకుంటుందేమోనని డాక్టర్లు చాలాకాలం జంకారు. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. మన సంఘంలో కొన్ని కులాల పెద్దలకు ఆ చట్టం పేరు వింటేనే ఒళ్లు మండుతుంది. దాని రెండో భాగం హిజ్రాల మీదే. ఉత్తరాదిలో వాళ్ల పేర్లు పోలీసు పుస్తకంలోకి ఎక్కించారు. 16 ఏళ్లలోపు పిల్లవాణ్ని ఇంట్లో ఉంచుకుంటే జైలు. నైజాం రాజ్యం అదే పోలికలో 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, ఇంకో చట్టం తెచ్చింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. నూరేళ్లు దాటి బతికింది.

అంటే ఇల్లు వెళ్లగొట్టిన పిల్లకు ఆశ్రయం ఇచ్చేవాళ్లనే చట్టం దొంగలుగా చూసింది. ఇక వైద్యం ఎక్కడిది?

ఉన్నదల్లా తాయమ్మ చెయ్యి. జమాత్‌లో పెద్దావిడ కత్తితో చేసేదాన్ని "నిర్వాణం" అన్నారు. మత్తుమందు లేదు, రక్తం కట్టకపోతే అంతే సంగతి. బతికి బయటపడితే 40వ రోజున వేడుక, పసుపు, కొత్త చీర. తర్వాత కొందరు డాక్టర్లు గుట్టుగా చేయడం మొదలుపెట్టారు. ఇక్కడే మన తెలుగు నేల వస్తుంది. తమిళ రచయిత్రి, నటి లివింగ్ స్మైల్ విద్య నిర్వాణం కోసం కడప వెళ్లిన సంగతి తన ఆత్మకథలో రాశారు. కడప అంటే మనకు దేవుని గడప. వాళ్లకు అది వేరే గడప. నామక్కల్ వైపు నుంచి వచ్చిన ఎ. రేవతి ఆత్మకథ తెలుగులోనూ దొరుకుతుంది. "ఒక హిజ్రా ఆత్మకథ" పేరుతో పి. సత్యవతి గారు అనువదించారు, ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మన గ్రంథాలయంలో కాపీ ఉంది, తీసుకెళ్లినవాళ్లు తక్కువ.

2008 ఏప్రిల్ 15న తమిళనాడు ప్రభుత్వం వీళ్లకోసం సంక్షేమ బోర్డు పెట్టింది. దేశంలో అదే మొదటిది. ఆ తర్వాత ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా శస్త్రచికిత్స మొదలైంది. సెంట్రల్ స్టేషన్ ఎదుట మన తాతలు రైలు దిగగానే చూసిన పెద్దాసుపత్రిలోనే, ఇప్పటి రాజీవ్ గాంధీ జీహెచ్‌లోనే, జెండర్ గైడెన్స్ క్లినిక్ నడుస్తోంది. మానసిక వైద్యులు, హార్మోన్ల డాక్టర్లు, సర్జన్లు ఒకేచోట చూస్తారు. కత్తికి భయపడి కడప రైలెక్కిన తరానికీ జీహెచ్‌లో ఓపీ చీటీ రాయించుకునే తరానికీ మధ్య దూరం ఎక్కువ లేదు. ఆ బోర్డు పెట్టిన తేదీనే, ఆరేళ్లకు, 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పు ఇచ్చింది. తానెవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేననీ దానికి ఆపరేషన్ షరతు పెట్టకూడదనీ చెప్పింది.

పిల్లల విషయానికి వస్తే మద్రాసు హైకోర్టు తీర్పులు రెండు తెలుసుకోవాలి. 2019 ఏప్రిల్‌లో మదురై బెంచిలో జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్ ముందుకు తూత్తుకుడి గుడిలో జరిగిన ఒక పెళ్లి కేసు వచ్చింది. వధువు ట్రాన్స్ మహిళ. పెళ్లి చెల్లుతుందని చెప్పి ఆయన ఇంకో అడుగు వేశారు. ఆడా మగా అని తేల్చలేని శరీరంతో పుట్టిన పసికందులకు, పెద్దవాళ్ల తృప్తికోసం ఆపరేషన్లు చేయడం ఆపమన్నారు. ఆగస్టులో ప్రభుత్వం ఆ మేరకు ఉత్తర్వు ఇచ్చింది, ప్రాణాపాయం ఉంటే తప్ప చేయకూడదని. 2021 జూన్‌లో జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్, ఇంటినుంచి పారిపోయి వచ్చిన ఇద్దరు అమ్మాయిల కేసులో, మనసు మార్చే పేరుతో చేసే "వైద్యం" మీద నిషేధం పెట్టారు. ముందు తనకే ఈ విషయం తెలియాలని ఆయన ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. తెలియదని ఒప్పుకుని నేర్చుకునే పెద్దమనుషులు ఎంతమంది ఉంటారు చెప్పండి? 2022 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ అలాంటి చికిత్సను వృత్తిపరమైన తప్పుగా ప్రకటించింది. ఆ తండ్రి మొదట వెళ్లిన డాక్టరు రాసిన మందులు ఏమిటో మాకు తెలుసు. ఇక్కడ రాయం.

ఇంత జరిగినా 16 ఏళ్ల బిడ్డకు ఏముంది?

ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషన్ 18 నిండాకే. అందులో మాకు పేచీ లేదు. కానీ వైద్యమంటే ఆపరేషన్ ఒక్కటే అనుకోవడం పొరపాటు. ముందు మాటలు వినే వైద్యుడు కావాలి. యుక్తవయసు మార్పులను కొంతకాలం ఆపి ఉంచే ఇంజెక్షన్లు ఉన్నాయి. అవి మార్పులు మొదలైన వెంటనే ఇవ్వాలి, గొంతు మారి మీసం వచ్చాక ఇస్తే వచ్చిన గొంతు వెనక్కి పోదు. మన దేశంలో వాటిమీద నిషేధం లేదు. వాటిని రాసే పిల్లల హార్మోన్ డాక్టర్లు పెద్ద ఊళ్లలో తప్ప దొరకరు. ఖర్చూ తక్కువ కాదు. 2022లో కేంద్రం ఏడాదికి 5 లక్షల రూపాయల ఆరోగ్య బీమా ప్రకటించింది. అది అందాలంటే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం ఉండాలి. 2019 చట్టం ప్రకారం 18 లోపు బిడ్డకు ఆ పత్రం కోసం దరఖాస్తు పెట్టవలసింది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు. పత్రానికైనా ఇంజెక్షన్‌కైనా ముందు అమ్మానాన్నల లేదా సంరక్షకుల సంతకం కావాలి.

అదే చట్టం, ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో బిడ్డను తల్లిదండ్రుల నుంచి విడదీయకూడదని కూడా అంటుంది, కోర్టు చెబితే తప్ప. మంచి ఇంట్లో అది రక్ష. కొట్టే ఇంట్లో అది తాళం.

అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడి గొడవలు గ్రూపులో పెడుతున్నారు. 2025 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు టెన్నెస్సీ రాష్ట్ర నిషేధాన్ని నిలబెట్టింది. ఇంగ్లండులోనూ 2024 నుంచి ఆ ఇంజెక్షన్లు మామూలుగా ఇవ్వడం మానేశారు. ఆధారాలు చాలవని వాదించే డాక్టర్లూ ఉన్నారు, కాదనలేం. కానీ ఆ దేశాల్లో తగవు దొరికే మందు ఇవ్వాలా వద్దా అన్నదాని మీద. మన దగ్గర బిడ్డ మాట డాక్టరు చెవిన పడటమే అరుదు. 16 ఏళ్ల బిడ్డకు ఆ దారి మూసుకుంటే చొప్పదంటు దుకాణంలో హార్మోన్ మాత్రలు, లేదంటే రాత్రి రైలు. కత్తి కాలం పోయిందని ధైర్యంగా అనడానికి లేదు.

ఆ తండ్రితో మేం జీహెచ్ సంగతి చెప్పాం. బిడ్డతో కలిసి వెళ్లమన్నాం, బిడ్డను పంపమని కాదు. "పెళ్లిసంబంధాల పుస్తకంలో చెల్లెలి పేరుంది కదా, నలుగురికీ తెలిస్తే?" అన్నారు. ఆ పుస్తకం అచ్చువేసేది మన సంఘమే కాబట్టి ఆ భయానికి జవాబు చెప్పవలసింది మనమే. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని చర్చకు పెడుతున్నాం.

ఇలాంటి సంగతి ఎవరింట్లోనైనా ఉంటే కార్యదర్శికి నేరుగా ఫోన్ చేయండి. దయచేసి పేర్లు గ్రూపులో రాయకండి.