ఫ్రీసివ్-వెబ్

ఫ్రీసివ్-వెబ్ అనేది విహరిణి (బ్రౌజరు)లో ఆడదగిన వ్యూహాత్మక ఆట. దీని మూలసంకేతం (సోర్స్ కోడ్) అందరికీ అందుబాటులో ఉంది. ఆటగాడు క్రీ.పూ. 4000 నుండి మొదలుపెట్టి నగరాలను, విజ్ఞానాన్ని పెంపొందించుకుంటూ తన నాగరికతను విస్తరింపజేస్తాడు.

చరిత్ర

1991లో వెలువడిన సివిలైజేషన్ అనే వాణిజ్య ఆట స్ఫూర్తితో డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ముగ్గురు 1995లో ఫ్రీసివ్‌ను ప్రారంభించారు. తరువాత ఆండ్రియాస్ రోస్డాల్ దానిని విహరిణికి అనువుగా మలచాడు. ఈ ఆట నడిచిన ప్రధాన సర్వరు 2018లో మూతపడింది. అయినప్పటికీ, మూలసంకేతం స్వేచ్ఛగా లభించడం వలన ఇతరులు తమ సర్వర్లపై ఆటను కొనసాగించగలిగారు.

నిర్మాణం

నియమాలను అమలుపరచే సర్వరు సీ భాషలోను, విహరిణిలో కనిపించే భాగం జావాస్క్రిప్టులోను వ్రాయబడ్డాయి. విహరిణి భాగానికి అఫెరో జీపీఎల్ లైసెన్సు వర్తిస్తుంది. దీని ప్రకారం, ఆటను మార్చి అంతర్జాలంలో నడిపేవారు ఆ మార్పుల సంకేతాన్ని ఆటగాళ్ళకు కూడా అందించాలి.

తోడ్పాటు

జాతుల నాయకుల పేర్లు, నగరాల పేర్లు సాధారణ పాఠ్య దస్త్రాలలో ఉంటాయి. కనుక ప్రోగ్రామింగు రానివారు సైతం తోడ్పడవచ్చు. ఉదాహరణకు, బాపట్ల విద్యార్థి ఒకరు భారతీయ నగరాల పట్టికలో సూర్యలంక పేరును చేర్చి, పక్కన సముద్రతీర సూచన ఇస్తే, తీరంపై కట్టే నగరాలకు ఆ పేరు ప్రాధాన్యంతో వస్తుంది. ఇటువంటి మార్పు అందరి ఆటలోకి రావాలంటే నిర్వాహకులు పరిశీలించి ఆమోదించాలి.