విషము మందైన వృత్తాంతము

దవడ బిగిసినదను మాట వినగానే మన నల్లరేగడి పల్లెలలోని పెద్దలకు మొదట స్ఫురించునది ధనుర్వాతము. అరక తోలునప్పుడు కాలదిగిన ముల్లు, పత్తికట్టె గీచిన గీత, పశువుల కొట్టములోని మేకు, ఇంతటి యల్పకారణముచేత కొన్ని దినములకు నోరు తెరపిడి పడక, పిమ్మట వెన్ను విల్లువలె వంగి మనుష్యుడు ప్రాణము విడుచుట వారెఱిగినదే. మన ప్రాచీన వైద్యులు హనుగ్రహమనియు ధనుస్తంభమనియు పేర్లుపెట్టిరి గాని చికిత్స వారికి చిక్కలేదు. టీకాలు వచ్చిన తరువాత ఆ భయము చాలవఱకు తొలగినది. బాలింతలను పసికందులను చంపు ధనుర్వాతము నిర్మూలితమైనదని 2003లో భారత రాష్ట్రములన్నింటిలో మొదట గుర్తింపు పొందినది మన ఆంధ్రప్రదేశమే.

ఆ ధనుర్వాతపు సూక్ష్మజీవికి మంటిలోనే నివసించు జ్ఞాతి యొకటి కలదు. మొదటిదాని విషము కండను బిగించును. రెండవదాని విషము కండను వదులుచేయును. ఈ రెండవ విషమునే నేడు బొటాక్స్ మొదలగు పేర్లతో మందుగా అమ్ముచున్నారు. పట్టణములందలి దంతవైద్యులు కొందఱు దానిని దవడకండలోనికి సూదితో ఎక్కించుచున్నారు. ప్రాణము తీయు పదార్థము పంటివైద్యుని చేతికెట్లు వచ్చెనో వినదగిన కథ.

జర్మనీలోని వుర్టెంబర్గు రాజ్యమున జస్టినస్ కెర్నర్ అను వైద్యుడుండెను, కవియు నగును. నెపోలియను యుద్ధముల పిమ్మట దారిద్ర్యము ప్రబలి, ప్రేగులలో కూరి నిలువజేసిన మాంసము తిని జనులు అచ్చట మరణించుచుండిరి. కెర్నరు 1820లో 76 మంది రోగుల వృత్తాంతమును, 1822లో 155 మంది వృత్తాంతమును ప్రకటించెను. ఱెప్పలు వాలుట, మ్రింగుడు పడకపోవుట, అవయవములు సడలుట, తెలివి మాత్రము చెడకుండుట, ఇవి ఆయన గుర్తించిన లక్షణములు. ఆ విషసారమును తానును కొంచెము రుచిచూచెను! ఇట్టి సాహసము నేను మెచ్చను గాని, దానివలన ఆయనకు కలిగిన ఊహ మెచ్చదగినది: దీనినే మిక్కిలి స్వల్పముగా నిచ్చినచో అదుపులేక అదరు కండలు శాంతించునని. ఆ ఊహ ఫలించుటకు నూటయేబది యేండ్లకు పైగా పట్టెను.

1895 డిసెంబరులో బెల్జియము దేశపు ఎల్జెల్ గ్రామమున ఒక శవసంస్కారమునకు వచ్చిన 34 మంది వాద్యగాండ్రు నిలువయుంచిన పందిమాంసము తినిరి, ముగ్గురు చనిపోయిరి. ఆ మాంసములోనుండి వాన్ ఎర్మెంగెమ్ అను ఆచార్యుడు సూక్ష్మజీవిని పట్టి 1897లో లోకమునకు చూపెను. గాలి తగులని చోటనే అది పెరుగునని తేలినది. పులుపు హెచ్చుగా నున్నచోట మాత్రము పెంపొందజాలదు. కావున మన గోంగూరపచ్చడి జాడీని చూచి ఎవరును బెదరనక్కఱలేదు.

1946లో అమెరికా యుద్ధశాఖ ప్రయోగశాలవారు ఈ విషమును స్ఫటికరూపమున శుద్ధిచేసిరి. మన గుంటూరు వైద్యకళాశాల స్థాపితమైనదియు ఆ యేటనే. 1949లో లండనునందు బర్జెన్ మొదలగువారు ఇది పనిచేయు విధము కనుగొనిరి. నరము కండకు ఆజ్ఞ పంపవలెనన్న దాని కొసనుండి అసిటైల్‌కోలీన్ అను ద్రవ్యము వెలువడవలెను. ఈ విషము ఆ ద్వారమును మూయును. ఆజ్ఞ చేరదు గనుక కండ ముడుచుకొనదు. మూడు నాలుగు మాసములకు ద్వారము మరల తెఱచుకొనును. తరువాత శాన్‌ఫ్రాన్సిస్కోలోని అలన్ స్కాట్ అను కంటివైద్యుడు మొదట కోతులకు, పిమ్మట మెల్లకన్ను గల మనుష్యులకు దీనిని పొడిచి చూచి 1980లో ఫలితములు ప్రకటించెను. 1989లో అమెరికా ప్రభుత్వము మెల్లకంటికిని ఱెప్పలు బిగిసిపోవు వ్యాధికిని దీనిని అంగీకరించినది. దీని మాత్రను కొలుచు కొలమానము కూడ చిత్రమైనదే: ప్రయోగమునకు పెట్టిన ఎలుకలలో సగమును చంపజాలినంత విషము ఒక యూనిట్టు.

పంటివైద్యమునకు ఇది కంటివైద్యము దారినే వచ్చెను. 1990లో, ఎల్జెల్ గ్రామమున్న ఆ బెల్జియములోనే, మెదడునకు దెబ్బతగిలి పండ్లు నూఱుకొనుచున్న రోగికి ఇద్దరు వైద్యులు దవడకండలో ఈ సూదివేసి ఫలితము ప్రకటించిరి. నిద్రలో పండ్లు కొఱుకు పిల్లలకు కడుపులో పురుగులున్నవని మన యిండ్లలో అనుట కలదు. పెద్దవారి విషయమున నేటి వైద్యులు హెచ్చుగా జెప్పు కారణములు మనోవ్యాకులతయు నిద్రాభంగమును. ఈ సూది పండ్లు కొఱుకుటను మాన్పదు, ఆ కొఱుకులోని బలమును తగ్గించును. మాటిమాటికి వేసినచో నమలు కండ సన్నబడును. జొన్నరొట్టె తినవలసిన పల్నాటి రైతునకు ఇది చిన్న నష్టము కాదు. రాత్రివేళ పండ్లకు వేసికొను తొడుగు ఇంతకన్న చౌక. ముందుగా దానిని అడిగి చూచుట మేలని నా అభిప్రాయము.

ఇంతకన్న ముఖ్యమైన సంగతి యొకటి. మన ప్రాంతమున నోరు తెఱువలేని వారందఱికిని కండదోషమే అనుకొనరాదు. వక్క, గుట్కా విడువక నమలువారికి బుగ్గల లోపలి పొర క్రమముగా గట్టిపడి పట్టీలు కట్టును. 1952లో ష్వార్ట్‌జ్ అను వైద్యుడు ఆఫ్రికాలోని కెన్యాయందు కాపురమున్న భారతస్త్రీలలో దీనిని చూచి వర్ణించెను. దీని తొలి గుర్తు నొప్పి కాదు, కారము తాళలేకపోవుట. మిరపకళ్ళములో పుట్టి పెరిగి, ఊరుబిండి లేనిదే ముద్ద దిగని మనిషి ఒకనాడు కూరలో కారము ఎక్కువైనదని కోడలిపై విసుగుకొనును. కోడలు వేసిన కారము ఎప్పటిదే, మారినది నోరు. ఆ దశలో వక్క మానినచో వ్యాధి పెరుగుదల తగ్గవచ్చును. ఉపేక్షించినచో మూడు వ్రేళ్ళు పట్టవలసిన నోటిలో రెండు, కడకు ఒకటియే పట్టును. కొందఱికి అది పుండుగా మారి క్యాన్సరునకు దారితీయును. అప్పుడు కండను వదులుచేయు సూదికోసము పట్టణమునకు పరుగెత్తినను ప్రయోజనము లేదు, బిగిసినది కండ కాదు గనుక.