ఊరుచర్మమున స్పర్శ గీసిన ఎల్లలు

నరముల మార్గమును పొరపొరగా విప్పి చూపుటయందు శవచ్ఛేదమునకు మించిన గురువు లేకపోయినను, ఏ నరము చర్మమున ఎంతమేర స్పర్శజ్ఞానమును వహించునో తెలుపుటకు ప్రాణమున్న మనిషియే కావలెను. తొడచర్మపు నాడులను గూర్చిన విజ్ఞానములో విలువైన భాగము బాధపడినవాని మాటను నమ్మిన వైద్యుల వలననే సమకూడినదని నా దృఢాభిప్రాయము.

కటిప్రదేశపు 2, 3వ వెన్నునాడుల నుండి జనించు ఒక సన్నని నరము, కడుపు వెనుకగోడ వెంబడి వాలుగా దిగి, తుంటి ఎముక ముందుకొన చేరువను, గజ్జలోని దృఢమైన బంధము క్రిందుగా వంపుతిరిగి, తొడ వెలుపలి చర్మమును చేరును. ఆ వంపునొద్దనే అది సాధారణముగా నలుగును. ఇది కేవలము జ్ఞాననాడి యగుటచే, ఎంత నలిగినను కాలి బలము తగ్గదు. చర్మము మాత్రము మండును, తిమ్మిరెక్కును, మొద్దుబారును. చక్కగా నడచుచున్నవాడు తొడ మండుచున్నదని మొఱపెట్టుకొనిన, ఆలకించువారెవరు?

ఆలకించినవాడు బెర్లినువైద్యుడు మార్టిన్ బెర్న్‌హార్ట్. 1878లో ఈ బాధను వర్ణించి, 1895లో మరల దానిని విపులముగా చర్చించెను. ఆ యేడే మాస్కోలో వ్లదీమిర్ రోత్, బిగుతైన నడికట్లు ధరించు అశ్వికులయందు దీనిని గమనించి, మెరాల్జియా పారెస్థెటికా అను పేరిడెను. వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్ సైతము ఆ సంవత్సరమే దీనిని గూర్చి వ్రాసెను. ఆయనకు గ్రంథాధారముతో పాటు స్వానుభవమును కలదు, ఏలయనగా ఆ బాధ ఆయన తొడయందే యుండెను. తన దేహమునే పరీక్షాస్థలముగా గొనిన ఆ నిజాయితీ నాకు మిక్కిలి పూజ్యము.

పరీక్షావిధానము నేటికిని నిరాడంబరమైనదే. రోగి కనులు మూయగా, వైద్యుడు పత్తిపింజతో తాకుచు, గుండుసూదితో మెల్లగా గ్రుచ్చుచు, తెలిసినది తెలియనిది అడిగి, సిరాతో తొడపై ఎల్ల గీయును. పింజ గీయించిన ఎల్లయు సూది గీయించిన ఎల్లయు పెక్కుమార్లు ఏకము కావు.

ఇంగ్లండున శరీరధర్మశాస్త్రజ్ఞుడు షెరింగ్టన్ 1890 తరువాతి దశాబ్దమున కోతులయందు వెన్నునాడుల మూలములను పరిశోధించి, చర్మమున ప్రతి తావును ఒకటికంటె ఎక్కువ మూలములు పంచుకొనునని నిరూపించెను. జర్మను వైద్యుడు ఫోర్‌స్టర్ 1933లో మానవులయందు ఆయా మూలములకు చెందిన చర్మవిభాగములను ప్రకటించెను. ఇట్లు మూలములు చర్మమును పంచుకొనుట వలన ఒక్క మూలము చెడినను చర్మము పూర్తిగా మొద్దుబారకపోవచ్చును. కాని తొడ ముందు కండరము బలహీనమై, మోకాటిపై తట్టినపుడు కాలు ఎగురుట మందగించవచ్చును. గజ్జయొద్ద నరము నలిగినచో ఈ రెండును చెక్కుచెదరక, వెలుపలి చర్మమే బాధపడును గనుక, దోషము వెన్నునందున్నదా గజ్జయందున్నదా యని వైద్యుడు నిర్ణయింపగలుగుచున్నాడు.