పట్టుదారంతో వెన్ను డిస్క్: ఐఐటీ ఢిల్లీలో ఒక ప్రయత్నం

మూలకణాల ప్రశ్న వస్తే మనం నిర్వచనం, రకాలు, నైతిక వివాదం రాసి ముగిస్తాం. ఆ కణాలు దేన్ని పట్టుకుని పెరుగుతాయన్నది నోట్స్‌లో ఉండదు. తీగకు పందిరిలా కణానికీ ఒక ఆధారం కావాలి. దాన్నే స్కాఫోల్డ్ అంటారు.

వెన్నుపూసల మధ్య డిస్క్‌లో లోపల జెల్లీలాంటి గుజ్జు, చుట్టూ పీచు వలయం ఉంటాయి. పెద్దవాళ్లలో దానికి రక్తనాళాలు దాదాపు ఉండవు కాబట్టి చిరిగితే సరిగా మానదు. జారిన డిస్క్ నరాన్ని నొక్కడం వల్లే కాలు లాగుతుందని 1934లో అమెరికా వైద్యులు మిక్స్‌టర్, బార్ చూపించారు. అప్పటి నుంచి జారిన ముక్కను తీసేయడం ప్రధాన శస్త్రచికిత్స అయింది. నొప్పి తగ్గుతుంది, పోయిన కణజాలం మాత్రం తిరిగి రాదు. చట్రం మీద కణాలు పెంచి కణజాలం తయారుచేయవచ్చన్న ఆలోచనకు 1993లో లాంగర్, వకాంటి రాసిన వ్యాసం ఊపునిచ్చింది.

డిస్క్ దగ్గర చిక్కు వేరే ఉంది. వలయంలో ఒక పొర పీచులు ఇటు సుమారు 30 డిగ్రీలు వాలితే, పక్క పొరవి అటు వాలతాయి. మెలి తిరిగినా తట్టుకునే బలం ఆ అమరికదే. ఇది డాక్టరు కన్నా నేతగాడికి త్వరగా అర్థమయ్యే సమస్య! ఐఐటీ ఢిల్లీ టెక్స్‌టైల్ విభాగంలోని సౌరభ్ ఘోష్ బృందం ప్రత్యేకంగా ఒక చుట్టే యంత్రం తయారుచేసుకుని, పట్టుపోగులను అదే వాలులో పొరలుగా చుట్టింది. 2012లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. మనిషి మృదులాస్థి కణాలు పోగుల దిశలోనే సాగాయి, అవి పేర్చిన పదార్థమూ అటే సాగింది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులూ ఇందులో ఉన్నారు.

పట్టే ఎందుకంటే, పోగు గట్టిది, శరీరంలో నెమ్మదిగా కరుగుతుంది. ధర్మవరంలో రంగు అద్దకానికి ముందు జిగురు తీసినట్టే ఇక్కడా తీయాలి. ఆ జిగురు, అంటే సెరిసిన్, ఉంటే శరీరం ప్రతిఘటించవచ్చు.

ఒక తేడా గమనించండి. ఢిల్లీ ప్రయోగంలో వాడినవి మూలకణాలు కావు. 2018లో ఐఐటీ గువాహటిలో బిమన్ మండల్ బృందం, అమెరికాలోని కప్లాన్‌తో కలిసి చేసిన పట్టు వలయం మీద మనిషి మూలకణాలు కూడా పెరిగాయి.

నడుం నొప్పికి మూలకణాల ఇంజెక్షన్ అనే ప్రకటనలు చూసినప్పుడు ఇంకో చరిత్ర గుర్తుంచుకోవాలి. 2007 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాల శీర్షికలో 'చికిత్స' అన్న మాట ఉండేది. 2013లో దాన్ని తీసేశారు. 2017 సవరణ ప్రకారం రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి వంటివి మినహా, మిగతాదంతా అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి, అదీ రోగి దగ్గర డబ్బు తీసుకోకుండా.