పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు

అభిమానం అన్న మాటకు తెలుగులో రెండు అర్థాలు. ఒకటి ఇతరుల మీది ప్రేమ, రెండవది తన మానం మీది పట్టుదల. ఈ రెండవదానికి మా సీమలో రోషమనీ పౌరుషమనీ వేరే పేర్లు కూడా ఉన్నాయి. "వానికి రోషం లేదు" అంటే తిట్టు. "వానికి రోషం ఎక్కువ" అంటే మెచ్చుకోలో హెచ్చరికో అన్నవాని ముఖం చూస్తే తప్ప తెలియదు.

భర్తృహరి నీతిశతకంలో మూర్ఖులకూ విద్వాంసులకూ తరువాత మూడవ స్థానాన్నే మానశౌర్యానికి ఇచ్చాడు. అర్థం, అంటే డబ్బు, దాని తరువాతనే వస్తుంది. ఆకలితో ప్రాణం పోతున్నా సింహం ఎండుగడ్డి మేయదన్నది అక్కడి ప్రసిద్ధమైన వాదన. ఏనుగు లక్ష్మణకవి తెలుగులో చిన్ననాడు బట్టీయం వేసినవారందరికీ అది గుర్తుండే ఉంటుంది. అయితే ఆ సింహాన్ని కొండమీది నుంచి దించి, గోళ్లు తీసి, నెలనెలా కొలిచి గడ్డి పెడితే ఏమవుతుందో ఆ పద్యం చెప్పదు. 1800 తరువాత దత్తమండలంలో జరిగింది అదే.

నిజాము తన బాకీ కింద ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తం చేసిన సంవత్సరమది. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడే ఉన్నాడు. అప్పటికి ఈ ప్రాంతంలో సుమారు ఎనభై మంది పాలెగాళ్లు. వారి కోటలను, బంట్లను, పన్ను వసూలు చేసుకునే హక్కును తీసివేసి, లొంగినవారికి భరణం ఏర్పాటు చేయడం మన్రో పద్ధతి. యుద్ధం కంటె ఇది చవక. పైగా భరణం పుచ్చుకునేవాడు నెలకొకసారి కచేరి వైపు చూడక తప్పదు.

నంద్యాలకు ఉత్తరాన, నల్లమల అంచున ఉన్న మా వెలుగోడు వైపు కథ కొంత వేరు. ఈ భాగం కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేది. కోటలో రహస్యంగా ఆయుధాలు కూడబెట్టాడన్న ఆరోపణ మీద గులాం రసూల్ ఖాన్‌ను 1839లో కంపెనీ పదవీచ్యుతుణ్ణి చేసింది. మరుసటి ఏడు ఆయన తిరుచిరాపల్లిలో హతుడయ్యాడు. నంద్యాలకు దక్షిణాన ఉన్న కోవెలకుంట్ల మాత్రం అప్పట్లో కడప జిల్లాలోది. 1858లో గాని కర్నూలు జిల్లాలో కలవలేదు. అందుకే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథలో కనిపించే కలెక్టరు కాక్రేన్ కడప కలెక్టరు.

నరసింహారెడ్డి వంశానికి కంపెనీ కట్టిన భరణం నెలకు 70 రూపాయలు. అందులో సగం తాత తమ్ముని సంతతికి పోయింది. మిగిలిన 35 ముగ్గురు అన్నదమ్ముల మధ్య పంపకమైంది. పదహారు అణాల రూపాయిని, పన్నెండు పైసల అణాను పట్టుకుని లెక్క వేయండి: సరిగ్గా 11 రూపాయల 10 అణాల 8 పైసలు. కంపెనీ గుమాస్తాలు లెక్క తప్పలేదు. ఒక పాలెం ఇంత సూక్ష్మంగా భాగహారానికి లొంగడం ఎంత విషాదమో వారి దస్త్రాలకు పట్టలేదు, అంతే.

జానపదుల కథనం ప్రకారం 1846లో ఆయన ఈ సొమ్ముకోసం మనిషిని కోవెలకుంట్లకు పంపగా, తాసిల్దారు ఆ భరణాన్ని బిచ్చంగా ఎంచి తూలనాడాడు. ఉద్యమమంతా ఆ ఒక్క మాట నుంచే పుట్టిందని పాట. చరిత్రకారులకు ఇది చాలదు. గ్రామాల కావలి కాసినందుకు కట్టుబడి బంట్రోతులు తరతరాలుగా అనుభవిస్తున్న మాన్యాలను ఆ రోజుల్లోనే సర్కారు వశం చేసుకుంటున్నారు. బోయలు, చెంచులు, వడ్డె ఓబన్న వంటివారు ఆయన వెంట నడవడానికి రెడ్డిగారి రోషం ఒక్కటే కారణం కాజాలదన్నది వారి మాట. నిజమే. కాని భూమి పోయినవారు అంతకుముందూ ఉన్నారు. వారిని ఒకచోటికి చేర్చినది ఆ రోషమే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వేరొక ప్రశ్న. ఏళ్ల తరబడి భరణం పుచ్చుకోవడంలో లేని అవమానం ఒక మాటలో ఎక్కడి నుంచి వచ్చింది? ఆయన దృష్టిలో అది దానం కాదు. పోయిన హక్కుకు మిగిలిన గుర్తు. ఎనిమిది పైసలతో సహా అది తనది. తాసిల్దారు ఆ సొమ్ముకు పేరు మార్చాడు. మయసభలో దుర్యోధనునికి జరిగిన నష్టం మాత్రం ఏపాటిది? బట్టలు తడిశాయి, ఎవరో నవ్వారు. అంతమాత్రానికి కురుక్షేత్రమా అని పండితులు అంటారు. 1977లో వచ్చిన 'దానవీరశూరకర్ణ' తరువాత ఊరూరా మయసభ ఏకపాత్రాభినయాలు చూసి చప్పట్లు కొట్టిన మనవాళ్లు మాత్రం అలా అనరు. సుయోధనుడు చెడ్డవాడని ఎరిగి కూడా ఆ ఘట్టంలో అతని పక్షానే నిలుస్తారు.

ఇక దోషం సంగతి. 1846 జూలైలో కోవెలకుంట్ల ఖజానా మీద పడినప్పుడు చచ్చినవారెవరు? తాసిల్దారు, కాపలా బంట్లు. జీతానికి పనిచేసే మన మనుషులే. కడప కలెక్టరు చాలా దూరంలో ఉన్నాడు, లండను ఇంకా దూరం. అభిమానానికి ఎప్పుడూ చేతికందిన శత్రువే శత్రువు. గిద్దలూరు దగ్గర కంపెనీ సైన్యంతో తలపడి, నల్లమలలో తిరిగి, చివరకు అక్టోబరు 6న పేరుసోమల కొండ ప్రాంతంలో ఆయన పట్టుబడ్డాడు. సుమారు వేయిమంది మీద వారంట్లు వెళ్లాయి. 412 మందిని విడిచిపెట్టారు, 112 మందికి శిక్షలు పడ్డాయి. ఆ 112 ఇళ్లలో వండుకున్నదేమిటో ఏ పాటా చెప్పదు. 2019లో వచ్చిన 'సైరా' వరకూ మనం నాయకుని గుర్రం వెనుకనే పరుగెత్తాము. ఇది ఆయన మీద నింద కాదు. ఇలాంటి అభిమానానికి వెల కట్టినవారి పట్టీలో మొదటి పేరు మాత్రమే మనకు తెలుసునని చెప్పడం.

1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో, జుర్రేటి ఒడ్డున జనం చూస్తుండగా ఉరి తీశారు. తలను కోట బురుజుకు వేలాడదీశారు. దించినది 1877లో. ముప్పై ఏళ్లు! భయపెట్టడానికి ముప్పై రోజులు చాలు. కంపెనీ పోయి రాణి పాలన వచ్చినా ఆ తల అక్కడే ఉండటం పాలకుల రోషమనే నేను అనుకుంటాను.

ఆ ముప్పై ఏళ్ల నడుమ, 1866లో కరువు వచ్చింది. అదే ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి తన ఇంటి ముందు గంజికేంద్రం పెట్టి వేలమందికి అన్నం పోశాడు. విక్టోరియా రాణి పేరిట ఆయనకు బంగారు పతకం వచ్చింది. అన్నం కోసం ఉయ్యాలవాడ దారి పట్టిన కోవెలకుంట్ల జనం ముందుగా ఆ బురుజు కిందుగా నడిచి ఉండాలి. రేనాటి గాయకులు ఈ ఇద్దరినీ సూర్యచంద్రులన్నారు. ఒకరికి ఉరి, ఒకరికి పతకం ఇచ్చినది ఒకే దొరతనమని వారికి తెలుసు. అయినా ఇద్దరి పాటలూ అదే గొంతుతో పాడారు.