ఎవరి మాట వినవలెను?

పోయిన దసరాకు మనుమనికి కొన్న బొమ్మ డ్రోను రెండునాళ్ళకే చెట్టెక్కి విరిగినది. రిమోటు మిగిలినది. "దీంతో ఇంకో డ్రోను ఎగరదా తాతయ్యా?" అన్నాడు. ఎగరదట! ఎందుకో తెలియగోరి పాత చరిత్ర తిరుగవేసితిని.

1898లో న్యూయార్కులో నికోలా టెస్లా తీగ లేకయే చిన్న పడవను నడిపి చూపినాడు. 1937లో అమెరికాలో గుడ్ కవల సోదరుల 'గఫ్' విమానము రేడియో ఆజ్ఞకు లోబడి ఎగిరినది. అసలు కష్టము అటుపిమ్మట. ఒకే తరంగముపై ఇద్దరు ఆజ్ఞాపించిన విమానము నేలకూలును. (ఒకే వసారాలో రెండు తరగతులు నడిపిన నాకు ఈ బాధ తెలియును.) అందుకే 72 మెగాహెర్ట్జ్ కాలమున అక్కడి మైదానాలలో ఛానెల్ సంఖ్య వ్రాసిన బట్టల క్లిప్పులు పలకకు తగిలించెడివారు. క్లిప్పు చేజిక్కినవాడే ట్రాన్స్‌మిటర్ వేయవలెను, తక్కినవారు వేచియుండవలసినదే.

2005 తరువాత 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు ఆ క్లిప్పులను మూలబెట్టినవి. ట్రాన్స్‌మిటరు, రిసీవరు ముందే జతగూడి పరుల మాట చెవినిబెట్టవు. అయితే ఒక కంపెనీ భాష మరొకదానికి రాదు. డ్రోను విరుగును, ట్రాన్స్‌మిటర్ మిగులును గనుక భాష చూచి కొనవలెను. ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ అందరికీ తెరచిన భాష. 2023లో వచ్చిన రేడియోమాస్టర్ పాకెట్‌లో అది ఇమిడియున్న రకము కలదు. వేరు రకమును ఉన్నది, అడిగి తీసుకొనవలెను. పింఛను రాగానే తెప్పించితిని. దానిని కంప్యూటరుకు తగిలించి మావాడు వారముగా తెరమీదనే డ్రోనులు కూల్చుచున్నాడు.